కారులో ఏసీ డిస్‌ప్లే ఆగిపోయిందా? ప్యానెల్ మొత్తం మార్చేముందు ఇవి చూసుకోండి.. చిన్న ఫ్యూజుతోనే పని అయిపోవచ్చు!

కారు స్టార్ట్ చేశారు. ఏసీ వేశారు. గాలి చల్లగానే వస్తోంది. కానీ 22 అనో, 24 అనో నంబర్ కనిపించాల్సిన చోట నల్లటి గాజు తప్ప ఏమీ లేదు. బటన్ నొక్కితే టిక్కుమని శబ్దం వస్తోంది, ఏ మోడ్‌లో ఉందో మాత్రం తెలియదు. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లు కాస్త పాతబడ్డాక చాలామందికి ఎదురయ్యే సమస్యే ఇది. షోరూంకి తీసుకెళ్తే ఎక్కువగా వినిపించే మాట ఒక్కటే.. 'ప్యానెల్ మొత్తం మార్చాలి'. నిజంగా మార్చాలా? చాలా సందర్భాల్లో అవసరం ఉండదు. తప్పు ఎక్కడుందో వరుసగా చూసుకుంటూ వెళ్తే పది, ఇరవై రూపాయల ఫ్యూజుతోనో, ఒక చిన్న బల్బుతోనో, కాస్త సోల్డరింగ్‌తోనో పని అయిపోతుంది.

కామారెడ్డి జిల్లా బీర్కూర్ లాంటి మండల కేంద్రాల్లో ఈ విషయం తెలిసి ఉండటం ఇంకా ముఖ్యం. మంజీర తీరంలో, నిజాంసాగర్ ఆయకట్టు కింద వరి పండించే ఈ ప్రాంతంలో ఇప్పుడు ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లు కొత్తేమీ కాదు. కానీ కంపెనీ సర్వీస్ సెంటర్ కావాలంటే నిజామాబాద్‌కో, కామారెడ్డికో వెళ్లాలి. వెళ్లిన రోజు పని పోతుంది. స్పేర్ పార్ట్ లేదంటే మళ్లీ ఇంకో రోజు. అందుకే ఇంటి దగ్గర ఏం చూసుకోవచ్చు, ఊళ్లో ఆటో ఎలక్ట్రీషియన్‌తో ఏం చేయించుకోవచ్చు, షోరూంకి ఎప్పుడు వెళ్లక తప్పదు.. ఈ మూడూ వేరువేరుగా తెలుసుకోవాలి.

డిస్‌ప్లే వేరు.. ఏసీ వేరు

ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే. చల్లదనం ఇచ్చేది బోనెట్ కింద ఉండే కంప్రెసర్, ముందు జాలీ దగ్గరుండే కండెన్సర్, డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్, అందులో తిరిగే గ్యాస్. డిస్‌ప్లేకి గ్యాస్‌తో సంబంధం లేదు. కాబట్టి డిస్‌ప్లే ఆగిపోయిందని ఎవరైనా గ్యాస్ నింపుతామంటే ఎందుకని అడగాల్సిందే.

మాన్యువల్ ఏసీలో మనమే నాబ్ తిప్పుతాం. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్‌లో ఆ పని ఒక కంట్రోల్ యూనిట్ చేస్తుంది. అమెరికాలో కాడిలాక్ 1964 మోడల్ కార్లలోనే ఈ పద్ధతి తెచ్చింది. మనం 24 డిగ్రీలు పెడితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. దీనికోసం కారులో కొన్ని సెన్సర్లు ఉంటాయి. క్యాబిన్ లోపలి వేడిని ఒకటి కొలుస్తుంది. బయటి వేడిని కొలిచేది సాధారణంగా ముందు బంపర్ వెనక ఉంటుంది. డ్యాష్‌బోర్డు పైన గుండీలా కనిపించేది ఎండ తీవ్రతను గమనిస్తుంది. కూలింగ్ కాయిల్ దగ్గర ఇంకొకటి ఉంటుంది. వీటి లెక్కలు చూసుకుని కంట్రోల్ యూనిట్ బ్లోవర్ వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది. చిన్న మోటార్లతో లోపలి తలుపులను కదిలించి చల్లగాలి, వేడిగాలి కలుపుతుంది.

ఇందులో డిస్‌ప్లే పని సమాచారం చూపించడం. కొన్ని కార్లలో డిస్‌ప్లే, బటన్లు, కంట్రోల్ యూనిట్ అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. కొన్నింటిలో కంట్రోల్ యూనిట్ వేరే చోట ఉంటుంది. అందుకే ఒక కారులో డిస్‌ప్లే పోయినా ఏసీ నడుస్తుంది, ఇంకో కారులో రెండూ ఒకేసారి ఆగిపోతాయి. ఈ తేడానే మొదటి ఆధారం.

లక్షణం చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది

డిస్‌ప్లే, బటన్లు, బ్లోవర్ అన్నీ ఒకేసారి ఆగిపోతే ప్యానెల్‌కి కరెంటు అందట్లేదని మొదటి అనుమానం. ఫ్యూజు, కప్లర్, ఎర్త్ వైరు చూడాలి. ఒక్కోసారి కంట్రోల్ యూనిట్ కూడా కారణం కావచ్చు. కానీ అది చివరికి రావాల్సిన అనుమానం, మొదట రావాల్సింది కాదు.

ఏసీ మామూలుగా పనిచేస్తూ నంబర్లు మాత్రం కనిపించకపోతే ఒక తేలికైన పరీక్ష ఉంది. చీకట్లో ఫోన్ టార్చ్ వేసి, గాజు మీద పక్క నుంచి వెలుతురు పడేలా చూడాలి. నంబర్లు మసకగా కనిపిస్తే డిస్‌ప్లే బతికే ఉంది, వెనక వెలిగే లైటు పోయింది. ఎల్‌సీడీ తనంతట తాను వెలగదు. వెనక ఉన్న బల్బో, ఎల్ఈడీనో వెలిగితేనే అంకెలు కనిపిస్తాయి. పాత కార్లలో ఈ బల్బులు బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా ఉంటాయి. మార్చడం పెద్ద పని కాదు.

అంకెల్లో కొన్ని గీతలు మాత్రమే లేకపోతే, ఉదాహరణకు 8 కాస్తా 6లానో, 3లానో కనిపిస్తే సమస్య డిస్‌ప్లేకి, బోర్డుకి మధ్య అతుకులో ఉంటుంది. ఇది ఏ ఒక్క కంపెనీకో పరిమితం కాదు. జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ పాత కార్లలోనూ స్పీడోమీటర్ కింది చిన్న స్క్రీన్‌లో గీతలు మాయమవడం పేరుమోసిన సమస్యే. అక్కడ కూడా అసలు కారణం బోర్డుకి అతికించిన సన్నటి రిబ్బన్ కేబుల్ వేడికి ఊడిరావడమే.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే కనిపించి, మధ్యాహ్నం ఎండకి మాయమైతే సోల్డరింగ్‌లో సన్నటి పగులు ఉండొచ్చు. వేడికి లోహం సాగుతుంది, కనెక్షన్ విడిపోతుంది. సాయంత్రానికి మళ్లీ కలుస్తుంది. ప్యానెల్ మీద వేలితో మెల్లగా తడితే వెలిగి ఆరిపోతోందంటే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది.

స్క్రీన్ మీద నల్లటి మరక సిరా ఒలికినట్టు పరుచుకుంటే ఎల్‌సీడీ గాజు పగిలిందనో, అంచు దగ్గర లీకైందనో అర్థం. దానికి రిపేర్ లేదు, ఆ గాజు మార్చాల్సిందే. మరక గోధుమ రంగులో, కాలినట్టుగా ఉంటే పైనుండే పోలరైజర్ పొర ఎండకి పాడై ఉండొచ్చు. ఆ పొర ఒక్కటే మార్చగలిగే పనివాళ్లు ఉన్నారు.

డిస్‌ప్లే బాగానే వెలుగుతోంది కానీ బయటి ఉష్ణోగ్రత మైనస్ 40 అనో, రెండు గీతలనో చూపిస్తోందా? అప్పుడు డిస్‌ప్లే తప్పేమీ లేదు. చాలా కార్లలో బయటి సెన్సర్ వైరు తెగితే ఇలాంటి అసంబద్ధమైన అంకెలే వస్తాయి. ముందు బంపర్‌కి ఏదైనా తగిలిన తర్వాత ఇది మొదలైతే ముందు చూడాల్సింది ఆ సెన్సర్ కప్లర్‌నే.

ఎండ, తేమ, ఎలుకలు.. పాడయ్యేది వీటితోనే

ఎండలో పెట్టిన కారు లోపల డ్యాష్‌బోర్డు ఎంత వేడెక్కుతుందో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ, శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు కొలిచారు. 2018లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం 38 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటసేపు ఎండలో ఉంచిన కార్లలో డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు చేరింది. స్టీరింగ్ 53, సీట్లు 51 డిగ్రీల దాకా వెళ్లాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉత్తర తెలంగాణ ఎండలు 40 దాటడం మామూలే. తిమ్మాపూర్ వెంకటేశ్వర స్వామి గుడి దగ్గరో, పెళ్లి మండపం బయటో మధ్యాహ్నమంతా నీడ లేకుండా నిలిపిన కారులో డిస్‌ప్లే పొరలు, జిగురు, సోల్డరింగ్ అన్నీ ఆ వేడికి రోజూ ఉడుకుతున్నట్టే.

రెండోది తేమ. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానలు కార్ల యజమానులకు ఇంకా గుర్తే. కారు లోపలికి నీళ్లు వస్తే ఇంజిన్ ఒక్కటే కాదు, వైరింగ్ కప్లర్లు కూడా తడుస్తాయి. వెంటనే ఏమీ తెలియదు. కొన్ని వారాల తర్వాత పిన్నులకు పచ్చటి తుప్పు పడుతుంది, అప్పుడు డిస్‌ప్లే ఆరిపోవడం, మిణుకుమనడం మొదలవుతుంది. మునిగిన కారుకు ఇగ్నిషన్ ఆన్ చేయకుండా బ్యాటరీ వైరు తీయించి, ఎండబెట్టించి, ఆ తర్వాతే కరెంటు ఇవ్వాలి. బీమా కంపెనీకి ముందే సమాచారం ఇచ్చి, ఫొటోలు తీసి పెట్టుకోవాలి.

మూడోది ఎలుకలు. పొలాల పక్కన, ధాన్యం నిల్వల దగ్గర ఉండే ఇళ్లలో ఇది తెలియని సంగతి కాదు. వరి కోతలయ్యాక పొలంలో తిండి తగ్గితే ఎలుకలు ఇళ్లవైపు వస్తాయి. ఆపిన కారు బోనెట్ వాటికి వెచ్చటి గూడు. డ్యాష్‌బోర్డు కిందికి దూరి వైర్లు కొరుకుతాయి. ఏసీ ఫిల్టర్ దగ్గర గడ్డి, పొట్టు కనిపించినా, గాలితో పాటు వాసన వచ్చినా ముందు వైరింగ్ చూడాలి. కొరికిన వైరును మార్చకుండా ప్యానెల్ మారిస్తే, కొత్త ప్యానెల్ కూడా వెలగదు. డబ్బు మాత్రం పోతుంది.

ఇంటి దగ్గరే చూసుకోవాల్సినవి

మొదట లైట్ల స్విచ్. చాలా కార్లలో హెడ్‌లైట్లు వేస్తే డిస్‌ప్లే వెలుతురు తనంతట తానే తగ్గిపోతుంది. రాత్రి కళ్లకు ఇబ్బంది కాకూడదని ఆ ఏర్పాటు. పగలు హెడ్‌లైట్లు వేసి ఉంటే ఎండలో నంబర్లు కనిపించవు, డిస్‌ప్లే పోయిందనిపిస్తుంది. స్టీరింగ్ పక్కన వెలుతురు తగ్గించే చిన్న చక్రం ఉంటే అది పూర్తిగా కిందికి తిరిగి ఉందేమో చూడాలి. కారు కడిగించినప్పుడు, పిల్లలు ఆడినప్పుడు ఇలా జరుగుతుంటుంది. ఖర్చు సున్నా.

రెండోది బ్యాటరీ. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో చూస్తే 12.4 నుంచి 12.7 వోల్టుల మధ్య ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే దాదాపు 13.5 నుంచి 14.5 దాకా రావాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే స్టార్ట్ చేసే క్షణంలో వోల్టేజీ పడిపోయి డిస్‌ప్లే ఆగి మళ్లీ వెలుగుతుంది. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే శుభ్రం చేసి బిగించాలి.

మూడోది ఫ్యూజు. ఎక్కువ కార్లలో డ్రైవర్ కాళ్ల దగ్గర, డ్యాష్‌బోర్డు కింద ఒక పెట్టె, బోనెట్ కింద ఇంకో పెట్టె ఉంటాయి. మూత వెనక బొమ్మ ఉంటుంది. లేకపోతే కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇగ్నిషన్ ఆపి, ఏసీకి సంబంధించిన ఫ్యూజు తీసి లోపలి తీగ తెగిందేమో వెలుతురుకు పెట్టి చూడాలి. ఫ్యూజుల రంగు చూసి కూడా కొలత తెలుస్తుంది. గోధుమ రంగుది 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 యాంపియర్లు. తీసినది ఎంతదైతే పెట్టేది కూడా అంతదే ఉండాలి. 10 బదులు 30 పెట్టడం, వెండి కాగితం చుట్టి పెట్టడం మంటలు కొనితెచ్చుకోవడమే. కొత్త ఫ్యూజు పెట్టగానే మళ్లీ కాలిపోతే ఇంకోటి పెట్టొద్దు. ఎక్కడో వైరు షార్ట్ అవుతోంది. అది ఎలక్ట్రీషియన్ చూడాల్సిన పని.

నాలుగోది రీసెట్. కంప్యూటర్ ఆగిపోతే ఆపి వేసినట్టే, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి పది నిమిషాల తర్వాత పెడితే కొన్నిసార్లు కంట్రోల్ యూనిట్ దారిలోకి వస్తుంది. అయితే గడియారం సమయం పోతుంది, కొన్ని కార్లలో మ్యూజిక్ సిస్టమ్ కోడ్ అడుగుతుంది, అద్దాల ఆటో సెట్టింగ్ మళ్లీ చేసుకోవాలి. కోడ్ తెలియకపోతే ముందే కనుక్కోవాలి. రీసెట్ తర్వాత రెండు రోజులు బాగుండి మళ్లీ ఆగితే అది తాత్కాలిక ఉపశమనమేనని, అసలు తప్పు అలాగే ఉందని అర్థం.

ఐదోది కారు తన గురించి తాను చెప్పే సమాచారం. టయోటా పాత మోడళ్లు చాలావాటిలో ఆటో బటన్, లోపలి గాలి బటన్ రెండూ కలిపి నొక్కి పట్టుకుని ఇగ్నిషన్ ఆన్ చేస్తే ప్యానెల్ తనను తాను పరీక్షించుకుంటుంది. ముందు లైట్లన్నీ వెలిగి ఆరతాయి. ఆ సమయంలో వెలగనిది ఏదో అక్కడే దొరికిపోతుంది. తర్వాత కోడ్ నంబర్లు వస్తాయి. 11 వస్తే క్యాబిన్ సెన్సర్, 12 వస్తే బయటి సెన్సర్, 21 వస్తే ఎండ సెన్సర్ అన్నమాట. ఇక్కడో మెలిక ఉంది. ఈ పరీక్ష నీడలోనో, షెడ్డులోనో చేస్తే ఎండ సెన్సర్ బాగున్నా 21 రావచ్చు. వెలుతురు తగలకపోవడమే కారణం. అది తెలియక సెన్సర్ మార్పిస్తే నష్టమే. మిగతా కంపెనీల్లో పద్ధతి వేరు, స్కానర్ పెట్టి చూడటం తేలిక.

ప్యానెల్ విప్పాల్సి వస్తే..

పై ఐదూ చూశాక కూడా తేలకపోతే ప్యానెల్ బయటికి తీయాలి. ఇది అలవాటున్న పనివాళ్లు చేయాల్సిన పని. ఎవరు చేసినా మొదటి జాగ్రత్త ఎయిర్‌బ్యాగ్. దాని వైర్లు, హెచ్చరిక లైటు డ్యాష్‌బోర్డు మధ్యలోనే ఉండొచ్చు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, కంపెనీ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో కాసేపు విద్యుత్ నిల్వ ఉంటుంది. పసుపు రంగు కప్లర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వే, వాటిని కదిలించకూడదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజీవి. వాటి జోలికి కంపెనీ శిక్షణ పొందినవాళ్లు తప్ప ఎవరూ వెళ్లకూడదు.

ప్లాస్టిక్ పట్టీలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీస్తే గీతలు పడతాయి, క్లిప్పులు విరుగుతాయి. ప్లాస్టిక్ పనిముట్టు వాడాలి. చుట్టూ టేపు అంటిస్తే ఇంకా మంచిది. కప్లర్‌ను వైరు పట్టుకుని లాగకూడదు, లాక్ నొక్కి తీయాలి. తీసే ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు ఒక స్క్రూ మిగిలిపోయే బాధ ఉండదు.

ముందు కప్లర్ దగ్గరే కరెంటు, ఎర్త్ వస్తున్నాయో లేదో మల్టీమీటర్‌తో చూడాలి. రెండూ వస్తూ డిస్‌ప్లే వెలగకపోతేనే తప్పు ప్యానెల్ లోపల ఉన్నట్టు. రాకపోతే ప్యానెల్ నిర్దోషి. రిపేర్‌లో డబ్బు మిగిల్చే అసలు పరీక్ష ఈ ఒక్కటే. దీనికి ఐదు నిమిషాలు పట్టదు.

తప్పు లోపలే ఉందని తేలాక బోర్డును భూతద్దంతో చూస్తారు. కప్లర్ పిన్నుల చుట్టూ ఉంగరంలా సన్నటి గీత కనిపిస్తే అదే సోల్డరింగ్ పగులు. ఫ్లక్స్ పూసి, మళ్లీ కరిగించి అతికిస్తే సరిపోతుంది. బల్బు పోతే అదే వోల్టేజీది పెట్టాలి. బదులుగా ఎల్ఈడీ పెడితే ప్లస్, మైనస్ తిప్పి పెట్టకుండా చూసుకోవాలి, తిప్పితే వెలగదు. డిస్‌ప్లే, బోర్డు మధ్య రబ్బరు పట్టీ ఉంటే దాన్ని, బోర్డు మీది గీతలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. పెట్రోల్, థిన్నర్ వాడితే ప్లాస్టిక్ పాడైపోతుంది. రిబ్బన్ కేబుల్ ఊడితే మామూలు సోల్డరింగ్ ఐరన్ నేరుగా పెట్టకూడదు, కేబుల్ కరిగిపోతుంది. దానికి ప్రత్యేకమైన వేడి పద్ధతి ఉంది.

సెల్‌ఫోన్ బోర్డులు రిపేర్ చేసే షాపుల్లో సన్నటి సోల్డరింగ్ పరికరాలు, మైక్రోస్కోప్ ఉంటాయి. ప్యానెల్ విప్పి బోర్డు చేతికిచ్చేది ఆటో ఎలక్ట్రీషియన్, అతికించేది సెల్‌ఫోన్ పనివాడు.. ఇలా ఇద్దరి పని కలిస్తే పెద్ద ఊరికి వెళ్లాల్సిన అవసరం తప్పవచ్చు. బిగించే ముందు కప్లర్ పెట్టి ఒకసారి అన్ని బటన్లూ నొక్కి చూడాలి. వేడి, చల్లదనం, బ్లోవర్ వేగాలు, అద్దం మీదికి గాలి.. అన్నీ సరిగా వచ్చాకే క్లిప్పులు నొక్కాలి.

రిపేరా? పాతదా? కొత్తదా?

బోర్డు మీద ఐసీ కాలినా, గాజు పగిలినా, నీళ్లకు బోర్డంతా తుప్పు పట్టినా రిపేర్ మీద పట్టు పట్టొద్దు. అప్పుడు రెండు దారులు. ఒకటి, తుక్కు కార్ల నుంచి తీసిన పాత ప్యానెల్. ధర తక్కువ. కానీ పార్ట్ నంబర్ అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. ఒకే మోడల్ కారులోనూ పెట్రోల్‌కి, డీజిల్‌కి, ఏడాదికి, వేరియంట్‌కి ప్యానెల్ మారుతుంది. పైకి ఒకేలా కనిపించినా లోపల వేరుగా ఉండొచ్చు. కొన్ని కార్లలో కంట్రోల్ యూనిట్‌ను స్కానర్‌తో ఆ కారుకు జతచేయాల్సి ఉంటుంది. అది చేయగలవాళ్లు ఉన్నారో లేదో కొనకముందే కనుక్కోవాలి.

రెండోది కొత్తది. దీనికి వారంటీ ఉంటుంది. కారే వారంటీలో ఉంటే ఇంకో ఆలోచన వద్దు, సొంతంగా విప్పకుండా నేరుగా కంపెనీకి తీసుకెళ్లడమే మంచిది. సీలు తీశారని వారంటీ కాదనే అవకాశం ఇవ్వకూడదు. కొత్త ప్యానెల్ పెట్టాక లోపలి తలుపుల మోటార్లను ఒకసారి సరిచేయించాలి. లేకపోతే డిస్‌ప్లేలో 18 కనిపిస్తుంది, వచ్చేది మాత్రం వేడిగాలి.

డిస్‌ప్లే లేకుండా నడపొచ్చా?

నడపొచ్చు, కానీ అద్దం మసకబారే రోజుల్లో జాగ్రత్త. వానాకాలంలో, డిసెంబర్, జనవరి పొగమంచులో ముందు అద్దం లోపలి వైపు ఆవిరి పడుతుంది. నంబర్ కనిపించకపోతే ఇబ్బందే తప్ప ప్రమాదం కాదు. అద్దం కనిపించకపోవడం మాత్రం ప్రమాదం. ముందు అద్దానికి గాలి పంపే బటన్ ఎక్కడుందో పగటిపూట, కారు ఆపి, చేత్తో తడిమి గుర్తుపెట్టుకోవాలి. ఎక్కువ కార్లలో అది నొక్కగానే ఏసీ, బయటి గాలి రెండూ తనంతట తానే వేసుకుంటుంది. లోపలి గాలే తిరిగే మోడ్‌లో గంటల తరబడి ఉంచితే అద్దాలు మసకబారడమే కాదు, గాలి బరువెక్కి నిద్రమత్తు వస్తుంది. అద్దానికి గాలి రావడం కూడా ఆగిపోతే రాత్రి ప్రయాణం మానుకుని ముందు ఆ పని చేయించాలి.

టచ్‌స్క్రీన్ కార్లలో లెక్క వేరు

కొత్త కార్లలో ఏసీ బటన్లు తీసేసి అన్నీ పెద్ద స్క్రీన్‌లోకి మారుస్తున్నారు. ఇందులో ఒక్క స్క్రీన్ ఆగితే ఏసీ, కెమెరా, పాటలు అన్నీ ఆగుతాయి. అమెరికాలో టెస్లాకి ఇదే ఎదురైంది. మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లలో స్క్రీన్ వెనకున్న మెమరీ చిప్ రాసి రాసి అరిగిపోయి స్క్రీన్ నల్లబడింది. వెనక కెమెరా, అద్దం మీది ఆవిరి తొలగించే సెట్టింగ్ కూడా అందకుండా పోవడంతో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ జోక్యం చేసుకుంది. 2021 ఫిబ్రవరిలో కంపెనీ సుమారు 1.35 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. అంటే ఏసీ స్క్రీన్ ఆగడాన్ని సౌకర్యం సమస్యగా కాదు, భద్రత సమస్యగా చూశారన్నమాట.

ఆ తర్వాత గాలి మళ్లుతోంది. యూరప్‌లో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హారన్, వైపర్ల లాంటి వాటికి విడి బటన్లు లేకపోతే మార్కులు తగ్గిస్తోంది. ఆ జాబితాలో ఏసీ లేదు. అయినా ఫోక్స్‌వ్యాగన్ లాంటి కంపెనీలు ఉష్ణోగ్రతకు, ఫ్యాన్‌కు మళ్లీ బటన్లు పెడతామని ప్రకటించాయి. కొత్త కారు కొనేవాళ్లు షోరూంలోనే స్క్రీన్ ఆపి, ఏసీ నడుస్తుందో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది.

పార్ట్ దొరక్కపోతే ఎవరిని అడగాలి?

ఊళ్లో మెకానిక్‌కి పని వచ్చినా ఒరిజినల్ పార్ట్, స్కానర్, సర్క్యూట్ మ్యాప్ అందకపోవడం పాత సమస్యే. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా దీనిపై పెద్ద తీర్పు ఇచ్చింది. స్పేర్ పార్టులు, పరీక్షించే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారంటూ 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కానీ బయట రిపేర్ చేయించుకునే హక్కు కారు యజమానికి ఉందన్న చర్చకు దేశంలో గట్టి పునాది పడింది అక్కడే.

2022 డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ ప్రారంభించింది. ఫోన్లు, ఇంటి పరికరాలు, వ్యవసాయ యంత్రాలతో పాటు వాహనాలూ ఇందులో ఉన్నాయి. ఇక పని చేయకుండానే బిల్లు వేసినా, వారంటీ ఉన్నా కాదన్నా 1915 నంబర్‌కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువుకో, సేవకో చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా ఉండదు.

ఇవన్నీ పనిచేయాలంటే చేతిలో కాగితం ఉండాలి. కారు అప్పగించే ముందు మూడు మాటలు అడిగి రాయించుకోవాలి. ప్యానెల్ దాకా కరెంటు వస్తోందని చూశారా? ప్యానెల్‌లో పోయింది సరిగ్గా ఏ భాగం? తీసిన పాత పార్ట్ తిరిగి ఇస్తారా? పని తెలిసిన మెకానిక్ ఈ మూడింటికీ నిమిషంలో జవాబు చెబుతాడు. చెప్పలేకపోతే తప్పు ఇంకా దొరకలేదనే అర్థం. అది దొరికేదాకా ప్యానెల్ మార్చడానికి ఒప్పుకోకపోవడమే మేలు.